ఈ. కోలైనా, డిక్టీనా, న్యూట్రోఫిలా: బరంపురంలో కీమోటాక్సిస్ పీహెచ్‌డీకి ఏది మేలు?

ఇచ్ఛాపురం దాటి బరంపురంలో పీహెచ్‌డీకి చేరే మన పిల్లలు, రసాయనం జాడ పట్టి కణాలు ఎలా కదులుతాయన్న అంశం (కీమోటాక్సిస్) తీసుకుంటే, మొదట అడిగేది "ఏ కణం సులువండీ?" అని. అది రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది ఇంకొకటి: కాలంతో పోల్చుకునే కణం కావాలా, చోటుతో పోల్చుకునే కణం కావాలా?

కళ్ళు మూసుకుని బడాబజారులో బజ్జీల బండి వెతుకుతున్నారనుకోండి. నాలుగడుగులు వేసి "ఇందాకటికంటే వాసన పెరిగిందా?" అని చూసుకునేది ఈ. కోలై బ్యాక్టీరియా. దాని ఒళ్ళు రెండు మైక్రాన్లే. ఆ కొస నుంచి ఈ కొసకు తేడా పట్టుకోవడం కష్టం కాబట్టి సెకనుకు ఇరవై మైక్రాన్ల చొప్పున ఈది, గడిచిన కొద్ది సెకన్లతో పోల్చుకుంటుంది. వాసన పెరిగితే ఈత సాగిస్తుంది, లేకపోతే గిర్రున దొర్లి దిక్కు మార్చుకుంటుంది. మట్టిలో ఉండే అమీబా డిక్టియోస్టీలియం (డిక్టీ) అలా కాదు. నిలబడ్డ చోటే కుడి ఎక్కువో ఎడమ ఎక్కువో తేల్చుకుంటుంది. ఒంటికి ఈ పక్కకూ ఆ పక్కకూ రెండు శాతం తేడా ఉన్నా దానికి చాలు.

ఈ. కోలై పెద్ద బలం భాగాలు తక్కువ కావడం. రసాయనాన్ని పసిగట్టే రిసెప్టార్లు ఐదు రకాలే. సెరీన్‌కు టీఎస్ఆర్, ఆస్పార్టేట్‌కు టార్, ఇలా దేనికేదో తెలిసిపోయింది. అందుకే గణితం ఇష్టపడేవాళ్ళకు ఇదే సరి. 1% ట్రిప్టోన్, 0.5% ఉప్పు ఉన్న బ్రాత్‌లో 30 డిగ్రీల దగ్గర, ఓడీ (ద్రావణం ఎంత మసకబారిందో చెప్పే కొలత) 0.5 వచ్చేదాకా పెంచండి. అలవాటు కొద్దీ 37లో పెట్టారా, ఈదే తోకలు (ఫ్లాజెల్లాలు) తగ్గిపోతాయి. గ్లూకోజు వేసినా అంతే. కడిగాక గిరగిరా కుదిపే వోర్టెక్స్ మీద పెట్టకూడదు, సన్న టిప్పుతో గట్టిగా పీల్చకూడదు. ఫ్లాజెల్లాలు తెగిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాలు బతికే ఉంటాయి, ఈదవంతే.

కొలవడానికి చవక దారి మెత్తటి అగార్ ప్లేటు: 0.25–0.3% అగార్, నడుమ ఒక చుక్క, ఆరు నుంచి ఎనిమిది గంటలు. బయటి వలయం సెరీన్ తింటూ పోయేది, లోపలిది ఆస్పార్టేట్‌ది. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఇందులో పెరుగుదల, తిండి, ఈత మూడూ కలిసిపోతాయి. పైగా అసలు దొర్లని మ్యూటెంట్ (జన్యువు మారిన కణం) అగార్ సందుల్లో ఇరుక్కుని వలయం చిన్నదవుతుంది, మనమేమో ఈత రాదనుకుంటాం. దీన్ని తొలి వడపోతకే వాడండి, థీసిస్ అధ్యాయం నిలబెట్టడానికి కాదు.

అంకె కావాలంటే జూలియస్ ఆడ్లర్ 1973లో కుదిర్చిన కేపిలరీ పద్ధతి ఉంది. ఒక మైక్రోలీటరు పట్టే సన్న గాజు గొట్టానికి (కేపిలరీకి) ఒక కొస మూసి, మంట మీద ఒకసారి ఆడించి, రెండో కొస ఆస్పార్టేట్ ద్రావణంలో ముంచితే చల్లారుతూ అదే పీల్చుకుంటుంది. దాన్ని బ్యాక్టీరియాలో 30 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, లోపలికి వచ్చినవాటిని పలచబరిచి ప్లేటు మీద లెక్కపెట్టాలి. మోతాదు పెంచితే లెక్క పెరిగి, ఒక స్థాయి దాటాక పడిపోతుంది. కంగారు పడొద్దు, మూతి దగ్గర రిసెప్టార్లు నిండిపోయి కణాలు బయటే ఆగిపోతున్నాయన్నమాట. అందుకే ఒకే మోతాదు పెట్టి "స్పందన లేదు" అని రాసేయకూడదు.

దిక్కు ఎలా తెలుస్తుంది, ఏ పక్క కాళ్ళు చాచాలని కణం ఎలా నిర్ణయించుకుంటుంది అన్నవి మీ ప్రశ్నలైతే డిక్టీయే మేలు. జన్యువులకు ఒక్కో ప్రతే కాబట్టి తీసేస్తే ఫలితం వెంటనే కనబడుతుంది. చిక్కల్లా 22 డిగ్రీలు. మే నెల ఉక్కపోతలో "ఏసీ గది ఉంది కదా" అనుకుంటే మునిగినట్టే. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్, అదీ జనరేటర్ లైను మీద ఉండాలి. గది 27 దాటితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఫ్లాస్కులో మిల్లీలీటరుకు 40 లక్షలు దాటనివ్వకండి, దాటితే ఆకలి పెట్టినా సరిగా స్పందించవు. తర్వాత ఆకలి పెట్టడానికి తిండి లేని ఫాస్ఫేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు రెండు కోట్ల చొప్పున వేసి, ఆరేసి నిమిషాలకు 50–100 నానోమోలార్ సైక్లిక్ ఏఎంపీ (డిక్టీ జాడ పట్టే రసాయనం) తడవ, నాలుగైదు గంటలు. తడవలు తప్పితే రిసెప్టార్లు సరిగా రావు.

అక్టోబరు తుపాన్ల మాటా ఉంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు లేకుండా మైనస్ 80 ఫ్రీజర్ ఎన్నాళ్ళో ఆగదు. విత్తనాల్లాంటి డిక్టీ స్పోర్లను సిలికా జెల్ మీద ఎండబెట్టి గట్టిగా మూతపెట్టుకుంటే ఆ బెంగ తగ్గుతుంది.

ఇక న్యూట్రోఫిల్, అంటే రక్తంలోని ఒక తెల్లకణం. రోగాలకు దగ్గరి విషయం, దరఖాస్తులో బాగా పలుకుతుంది. కానీ మనిషి రక్తమంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, దాతలు, తీసిన కొద్ది గంటల్లోనే ప్రయోగం. మధ్యేమార్గం రక్త క్యాన్సర్ నుంచి తీసి ల్యాబులో పెంచే హెచ్‌ఎల్-60 కణాలు: 1.3% డీఎంఎస్ఓ అనే ద్రావకంలో అయిదారు రోజులు ఉంచితే న్యూట్రోఫిల్ లాంటివవుతాయి. 3 మైక్రాన్ల రంధ్రాల పొర గుండా దిగినవాటిని లెక్కపెట్టేటప్పుడు, రెండు పక్కలా ఒకే మోతాదు పోసిన గిన్నె తప్పనిసరి. అందులోనూ దిగాయంటే అది దిక్కు పట్టడం కాదు, ఊరికే చురుకెక్కడం.

ఐదేళ్ళ ఫెలోషిప్‌లో మా ఓటు డిక్టీకే, మంచి బీఓడీ ఉంటే. లేకపోతే నిస్సంకోచంగా ఈ. కోలై. డిక్టీ ఎంచుకునేవాళ్ళు ముందు మైక్రోస్కోపు బుకింగ్ పుస్తకం చూడండి. ఉదయం ఎనిమిదికి ఆకలి పెడితే కణాలు చేతికొచ్చేది ఒంటిగంటకు. ఆ తర్వాతి రెండు గంటలూ మైక్రోస్కోపు ఇంకొకరి పేరు మీద ఉంటే, మూడింటికి మీ కణాలు ఒకదానికొకటి అంటుకుని గుట్టలు కట్టేసి ఉంటాయి.