సీపాప్, ముక్కుపుడక, బీ12: మూడేళ్ళ వాడకం తర్వాత

2022 మే నెలలో ఒక మధ్యాహ్నం జాకెట్టు చేతికి పైపింగు వేస్తూ కునికిపాటు పడ్డాను. కాలు మాత్రం మోటారు పెడల్ మీదే ఉండిపోయింది. సూది ఎడమ చూపుడువేలి గోరులో దిగి లోపలే విరిగింది. ఒడిశాలోని రాయగడలో పాతికేళ్ళుగా లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. వేలికి సూది గుచ్చుకోవడం కొత్త కాదు, కుడుతూ కుడుతూ నిద్రపోవడం మాత్రం అదే మొదటిసారి.

అప్పటికి రెండేళ్ళుగా రాత్రి నాలుగుసార్లు బాత్రూంకి లేచేదాన్ని. షుగర్ ఉంది కదా, దానివల్లే అనుకున్నాను. పొద్దున్న లేస్తే తల దిమ్ముగా, నోరు ఎండిపోయి ఉండేది. గురక పెడతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆడమనిషి గురక గురించి ఎవరూ పైకి అనరు, డాక్టరుకి చెప్పాలని అసలే తోచదు. ఒక మందుల దుకాణంలో చీటీ లేకుండానే నిద్రమాత్రలు ఇచ్చారు, నెలంతా వేసుకున్నాను. అలాంటి మాత్రలు గొంతు కండరాలని ఇంకా వదులు చేసి ఊపిరాడకుండా చేస్తాయని తర్వాత తెలిసి ఒళ్ళు జలదరించింది.

వేలు చూడ్డానికని పార్వతీపురం నుంచి మా చెల్లెలు వచ్చి, ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. తెల్లారేసరికి దాని మొహం పాలిపోయి ఉంది. "అప్పా, నీ గురకకి కాదు, గురక ఆగినప్పుడే నాకు భయమేసింది. ఇరవై లెక్కపెట్టేదాకా నువ్వు ఊపిరి తియ్యలేదు" అంది. ఆ వారమే రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళింది.

అక్కడ తలకీ ఛాతీకీ కాళ్ళకీ వైర్లు పెట్టి ఒక రాత్రంతా పరీక్ష చేశారు. గంటకి 41 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. ఈ లెక్క 5 లోపు ఉంటే ఫరవాలేదు, 30 దాటితే తీవ్రం కిందకి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ 76 శాతానికి పడిపోయింది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు మూసుకుపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్ళీ మూసుకుంటుంది. బహిష్టులు ఆగిపోయాక ఆడవాళ్ళకి ఇది ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పారు. రాత్రి పదేపదే మూత్రానికి లేవడం కూడా చాలావరకు దీనివల్లేనట. ఊపిరి అడ్డుపడ్డప్పుడు గుండె మీద ఒత్తిడి పడి, మూత్రం ఎక్కువ తయారు చెయ్యమని కిడ్నీలకి కబురు వెళుతుంది. దీనికి సీపాప్ మిషన్ రాశారు, అది మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అది పెట్టిన మూడో వారానికి నేను రాత్రి ఒక్కసారే లేచాను. ముందుగా తెలిసిన మార్పు అదే.

మిషన్‌కి 48,000 అయింది. గాలి ఒత్తిడిని అదే సర్దుకునే ఆటో రకం, నాకు 6 నుంచి 14 మధ్య పెట్టి ఇచ్చారు. మొదటి రెండు నెలలూ నరకం చూశాను. అర్ధరాత్రి నాకు తెలియకుండానే మాస్కు పీకేసేదాన్ని. గాలి పక్కనుంచి కళ్ళలోకి కొట్టేది. పట్టీలు బిగిస్తే చెంపల మీద అచ్చులు, వదులు చేస్తే బుస్సుమని చప్పుడు.

అసలు కారణాలు రెండు. ఒకటి, కొబ్బరినూనె. చిన్నప్పటినుంచి రాత్రి తలకి నూనె రాసుకుని, చేతికి మిగిలింది మొహానికి పులుముకుని పడుకోవడం అలవాటు. ఆ జిడ్డుకి మాస్కు మెత్త జారిపోయేది, నెల తిరక్కుండానే సిలికాన్ పసుపుపచ్చగా అయి గట్టిపడింది. ఇప్పుడు నూనె పొద్దున్నే. రాత్రి సబ్బుతో మొహం కడిగి, బాగా తుడుచుకున్నాకే మాస్కు. మెత్తని రోజూ పొద్దున్న గోరువెచ్చని నీళ్ళలో కాస్త సబ్బు వేసి కడిగి నీడన ఆరబెడతాను. రెండోది, నా ముక్కుపుడకలు. రెండు వైపులా ఉన్నాయి, పెళ్ళికి ముందు కుట్టించినవి. ముక్కు కింద ఆనే చిన్న మాస్కు వాటికి తగిలి పుండు పడింది. తియ్యాలంటే మనసొప్పలేదు. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఏమంటారోనని అడగడానికే వారం పట్టింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, పుండు చూసి, "ఊపిరి కన్నా పుడక ఎక్కువా అమ్మా, తీసెయ్" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇప్పుడు పడుకునేటప్పుడు తీసి భరిణెలో పెడతాను, స్నానం చేశాక పెట్టుకుంటాను. ముక్కు మొత్తాన్ని కప్పే మాస్కుకి మారాను. పుడకలున్న ఆడవాళ్ళు కొనేముందు పడుకుని పెట్టి చూసుకోండి, కూర్చుని చూస్తే సరిపోదు.

మా వైపు దోమతెర లేకుండా పడుకోలేం, మలేరియా భయం. మిషన్ నుంచి మాస్కుకి వచ్చే గొట్టాన్ని తెర కింద నుంచి లాగితే మెలిపడేది. తల వైపు తెర తాడుకే రిబ్బన్‌తో ఒక ముడి వేసి గొట్టాన్ని వేలాడదీశాను, ఇక అటూ ఇటూ తిరిగినా లాగదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోవడం ఖాయం. అందుకని ఇన్వర్టరుకి కలిపాం. ఆ రాత్రులు, గాలికి తేమ ఇవ్వడానికి మిషన్‌లో ఉండే నీళ్ళ డబ్బా వేడిని ఆపేస్తాను, ఎక్కువ కరెంటు తినేది అదే. డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పోస్తాను. బ్యాటరీలో పోసే నీళ్ళు పీల్చే గాలికి వాడొద్దని గట్టిగా చెప్పారు.

నాలుగు నెలలకి మిషన్ లెక్కలో నా 41 కాస్తా 3 అయింది. అయినా మధ్యాహ్నానికి ఒళ్ళు నేలకి లాగేసేది. సాయంత్రం కూర్చుంటే పిక్కల్లో పురుగులు పాకుతున్నట్టు ఉండేది, లేచి నడిస్తే గాని తగ్గేది కాదు. అరికాళ్ళు తిమ్మిరి. ఇంత డబ్బు పోసి కొన్నది పని చెయ్యలేదా అని బెంగ పట్టుకుంది. డాక్టరమ్మ రక్తపరీక్ష రాశారు. బీ12 168, డి విటమిన్ 11, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 18. మొదటి రెండూ తక్కువని కాగితం మీదే ఉంది. ఫెర్రిటిన్ మాత్రం నార్మల్ అని రాసి ఉంది! కాళ్ళు కుదురుగా ఉండని జబ్బుకి 75 లోపు ఉన్నా ఐరన్ ఇస్తామని ఆవిడ చెప్పకపోతే ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేసేదాన్ని.

షుగర్‌కి తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, అది ఒంటికి బీ12 పట్టనివ్వదు. ముందు ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు. మూడు నెలలకి తిమ్మిరి పోయింది, మధ్యాహ్నం నీరసం సగానికి సగం తగ్గింది. ఐరన్ మాత్ర టీకి దూరంగా, నిమ్మరసంతో వేసుకున్నాను. కాళ్ళు నెమ్మదించడానికి మూడు నెలలు దాటింది, కానీ నా నిద్రకి మాత్రలన్నిటిలో ఎక్కువ మేలు చేసింది ఇదే. పది నిమిషాల్లో నిద్రపట్టేస్తోంది. డి విటమిన్ వారానికి 60,000 యూనిట్ల పొడి, ఎనిమిది వారాలు వేసుకున్నాను. నడుం నొప్పి, ఎముకల సలుపు తగ్గాయి. నిద్రలో తేడా తెలిసిందని మాత్రం చెప్పలేను. మంచిదే కదా అని పరీక్ష లేకుండా నెలల తరబడి మింగకండి, డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకే చేటు.

నా అంతట నేను కొన్నవి రెండు. మెగ్నీషియం వేసుకుంటే విరేచనాలు తప్ప ఏమీ కనిపించలేదు. మెలటోనిన్‌తో నిద్ర కాస్త ముందు పట్టేది, మధ్యలో మెలకువ మాత్రం తప్పలేదు. రెండూ ఆపేశాను. ఏ విటమినూ మూసుకున్న గొంతుని తెరవదు. ఒక పెళ్ళికి మిషన్ లేకుండా వెళ్ళి, మాత్రలన్నీ వేళకి వేసుకుని కూడా మూడోరోజుకి పాత తలదిమ్ముతో తిరిగొచ్చాను.

అలవాట్లలో కష్టమైనది టీ. షాపులో రోజుకి ఆరు తాగేదాన్ని, ఇప్పుడు మూడింటి తర్వాత ముట్టను. రాత్రి పదింటి అన్నం ఏడున్నరకి మారింది, అందుకోసం షాపు గంట ముందు మూస్తున్నాను, కొంత గిరాకీ పోయింది, పోనీ అనుకున్నాను. పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగి, ఎండ పడేలా అరగంట నడుస్తాను. ఆదివారమైనా అయిదున్నరకే లేస్తాను. వెల్లకిలా తిరక్కుండా వీపు వెనక పాతచీరల దిండు పెట్టుకుంటాను. బరువు 81 నుంచి 74కి వచ్చింది. మధ్యాహ్నం పావుగంట నడుం వాల్చినా మాస్కు పెట్టుకునే.

ఇంకా పూర్తిగా తీరనిది చలికాలం సంగతి. డిసెంబరులో ఇక్కడ చలి గట్టిగా ఉంటుంది, గొట్టంలో వెచ్చని తేమ గాలి చల్లబడి నీటిచుక్కలై ముక్కులోకి గుటుక్కున వస్తుంది. కొనే తొడుగులు ఖరీదు. పాత స్వెట్టరు గుడ్డతో నేనే ఒకటి కుట్టుకున్నాను, నీళ్ళు చాలావరకు తగ్గాయి. పక్కవీధి ఒడియా కుర్రాడు వాళ్ళ నాన్న మిషన్‌కి కూడా ఒకటి కావాలని వచ్చాడు. "మౌసీ, కొలత ఎంత?" అన్నాడు. గొట్టం ఆరడుగులు. రెండు అంగుళాలు తక్కువ కత్తిరించి, నిలువునా వెల్క్రో పెడితే ఉతకడానికి ఊడదీయడం సులువు. మాస్కు దగ్గర సన్నటి చిల్లులు ఉంటాయి, వదిలిన ఊపిరి పోయేది అక్కడినుంచే. గుడ్డ ఆ చిల్లుల మీదకి అస్సలు రాకూడదని సుద్దతో గీత గీసి మరీ వాడికి చూపించాను.