పొట్టి సాల్వియా: చలికి జంకదు, ముసురుకు తట్టుకోదు

ఎర్ర సాల్వియా ఒడిశాలోని కొరాపుట్ జిల్లా వాళ్లకు కొత్త కాదు. కార్తీకంలో నాటితే వేసవి దాకా పూస్తుంది, ఆ తర్వాత పీకి పారేయడమే. ఇక్కడ చెప్పేది దాని దాయాది సాల్వియా నెమొరోసా గురించి. మధ్య ఐరోపా నుంచి పశ్చిమాసియా వరకు సహజంగా పెరిగే బహువార్షికం ఇది. పొట్టి రకాలు అడుగు ఎత్తులోనే గుబురు కట్టి ఊదారంగు కంకుల్ని నిటారుగా నిలబెడతాయి. ఆన్‌లైన్‌లో చిన్న ప్లగ్ మొక్కగానో (ట్రే గడిలో పెంచిన నారు మొక్క) విత్తనాల ప్యాకెట్‌గానో దొరుకుతుంది. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూలే అన్న హామీ మీద అమ్ముతారు.

సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు ఆ హామీ చాలావరకు నిలబడుతుంది, అదీ కుండీలో పెంచితే. జయపురంలో సగమే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం దిగేసరికి అది ఒక్క చలికాలపు ముచ్చట.

కారణం చలి కాదు. మైనస్ పాతిక డిగ్రీల మంచులో కూడా వేళ్లు దాచుకుని మళ్లీ చిగిర్చే మొక్క ఇది. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో పుష్యమాసపు చలి దానికి పుట్టింటి గాలి. దాన్ని చంపేది ఆషాఢ శ్రావణాల ముసురు. ఏడాదిలో పడే సుమారు 1500 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. నేల ఆరదు, వేళ్లకు గాలి అందదు, పితియం, రైజోక్టోనియా లాంటి కుళ్లు తెచ్చే సూక్ష్మజీవులు మొదలును పట్టుకుంటాయి. అందుకే కొనే ముందు ఒక్కటే ఆలోచించుకోవాలి: ఆ నాలుగు నెలలూ కుండీని తడవకుండా, వెలుతురు తగ్గకుండా ఎక్కడ పెడతారు? చోటు లేకపోతే కొనొద్దు.

కుండీకి ‘మార్కస్’ను మించిన రకం లేదు. 25–30 సెంటీమీటర్లకే ఆగిపోతుంది, కర్ర ఊతం అక్కర్లేదు. ‘కారడోనా’ కాడలు దాదాపు నల్లటి ఊదా. అందమంతా దానిదే గానీ 50–60 సెంటీమీటర్లు లేస్తుంది కాబట్టి దారి అంచు మడిలో వెనక వరసకు సరిపోతుంది. ‘మైనాఖ్ట్’ (లేబుళ్ల మీద ఎక్కువగా ‘మే నైట్’ అని ఉంటుంది) 1997లో అమెరికా పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ ‘ఆ ఏటి మొక్క’గా ఎంచిన రకం. పేరు పెద్దదే, కానీ కుండీలో ఇరుకవుతుంది. ఈ మూడింటినీ కొమ్మ ముక్కలతోనో పిలకలు విడదీసో పెంచుతారు, విత్తనం వేస్తే తల్లి గుణం నికరంగా రాదు. అంచేత ‘కారడోనా విత్తనాలు’ అని రాసిన ప్యాకెట్ కనిపిస్తే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. విత్తనంతో పెంచదగ్గవి ‘బ్లూ క్వీన్’, దానికంటే పొట్టిదైన ‘న్యూ డైమెన్షన్’.

నర్సరీలో ‘నీలం సాల్వియా’ అంటే చేతికిచ్చేది తరచూ సాల్వియా ఫారినేసియా. ఆ మొక్కలో లోపమేమీ లేదు, కాకపోతే ఇది అది కాదు. ఫారినేసియా ఆకు సన్నగా, నునుపుగా ఉంటుంది, కంకి కాడ మీద పిండి చల్లినట్టు తెల్లటి నూగు. నెమొరోసా ఆకు ముడతలు పడి గరుకుగా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన వస్తుంది. నీలం కంకి కనిపిస్తే చాలు లావెండర్ అని అంటగట్టేవాళ్లూ లేకపోలేదు.

కొనడానికి దీపావళి తర్వాతి నెల మంచిది, వానల్లో మాత్రం వద్దే వద్దు. కంకితో ఉన్న మొక్క కంటికి ఇంపే, కానీ మొదట్లో మూడు నాలుగు పిలకలున్న మొక్కే మేలు. కుండీలో మట్టి పైన నాచు పట్టి ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు లెక్క. అడుగు రంధ్రంలోంచి కనిపించే వేరు తెల్లగా ఉండాలి, గోధుమరంగులో మెత్తగా ఉంటే అక్కడే వదిలేయండి. పార్సిల్‌లో వచ్చిన ప్లగ్‌ను ఆ రోజే విప్పి, రెండు మూడు రోజులు నీడలో, తర్వాత వారం పాటు పొద్దుటి ఎండలో ఉంచి, అప్పుడు పూర్తి ఎండకు మార్చాలి.

నాటేటప్పుడు ఎక్కువమంది పట్టించుకోనిది ప్లగ్ చుట్టూ ఉండే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి. చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా మధ్యలో ఆ ముద్ద నీళ్లు పట్టుకునే ఉంటుంది. వేరు తెగకుండా అంచుల నుంచి సగం దులిపేసి నాటండి. కుండీ మిశ్రమానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఏటి ఇసుక, ఒక పాలు బాగా మాగిన కంపోస్టు చాలు. సన్న ఇసుక వేస్తే మట్టి సిమెంటులా బిగుసుకుంటుంది. కొరాపుట్ ఎర్రనేలలు చాలాచోట్ల ఆమ్లగుణం ఉన్నవి, నెమొరోసాకేమో తటస్థం నుంచి కాస్త క్షారం వైపు ఉన్న మట్టి ఇష్టం. అందుకని పది లీటర్ల మిశ్రమానికి 20 గ్రాముల డోలమైట్ (సున్నపురాయి లాంటి ఖనిజం) పొడి కలపాలి. మార్కస్ ఒక్కటైతే 8 అంగుళాల మట్టి కుండీ, మూడైతే 14 అంగుళాలది. అడుగున కనీసం మూడు రంధ్రాలుండాలి. కుండీని నేల మీద ఆనించకుండా ఇటుక ముక్కల మీద నిలబెట్టాలి, ఎందుకంటే నేలకు అతుక్కున్న రంధ్రం ఉన్నా లేనట్టే. మొదలు మట్టి మట్టానికే ఉండాలి, లోతుగా పూడిస్తే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

అంచు మడికైతే జానెడు ఎత్తున బోదె లేపి, చదరపు మీటరుకు 200 గ్రాముల డోలమైట్, ఒక తట్ట కంపోస్టు కలిపి, 35 సెంటీమీటర్ల ఎడంతో నాటాలి. చదరపు మీటరుకు ఎనిమిది మొక్కలు పడతాయి. చూరు నీళ్లు పడే చోటు, గోడ పక్కన ఊట ఉండే చోటు పనికిరావు. నిజం చెప్పాలంటే ఇక్కడ అంచు మడిలో ఈ మొక్క మూడో ఏడు చూడటం కష్టమే. వానల ముందే కొన్ని పిలకలు కుండీలకెక్కించి పెట్టుకున్నవాళ్లకే మడి మళ్లీ నిండుతుంది.

ఎండ రోజుకు ఆరు గంటలు తగ్గకూడదు. నీడలో కాడలు సాగి పక్కలకు ఒరిగి, గుబురు మధ్యలో చీలిపోతుంది. యూరియా వేసినా అదే జరుగుతుంది. ఎరువు అంతగా కోరని మొక్క ఇది, కత్తిరించిన ప్రతిసారీ గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. చలికాలంలో మట్టి పైన రెండు వేళ్ల లోతు ఆరాకే నీళ్లు పోయాలి. జయపురంలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడేలా చూడాలి.

చలి తగిలిన మొక్క పొద్దు పొడుగయ్యే కొద్దీ కంకులు వేస్తుంది. తొలి పూత వాడగానే కంకుల్ని ఒక్కొక్కటిగా గిల్లుతూ కూర్చోకుండా, కింద కొత్త చిగుళ్లు కనిపించే చోటుకు గుబురు మొత్తాన్ని సగానికి కోసేయండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో రెండో పూత వస్తుంది. ఈ కోతకు మనసొప్పనివాళ్లకు ఈ మొక్క ఒకే పూత ఇస్తుంది.

జూన్ మొదటి వానలకే కంకులన్నీ తీసేసి, గుబురును మూడో వంతు తగ్గించి, లోపలి ముసలి ఆకులు ఏరేయాలి. కుండీలను సన్‌షేడ్ కింద కంటే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు కిందకు చేరిస్తే మేలు, వాన ఆగుతుంది, వెలుతురు ఆగదు. కుండీకీ కుండీకీ బెత్తెడు ఖాళీ వదలాలి. ఈ రోజుల్లో నీళ్లు వారానికోసారి కూడా అవసరపడకపోవచ్చు.

మట్టి తడిగా ఉండగానే మధ్యాహ్నం ఆకులు వేలాడాయంటే అది దాహం కాదు, వేరు కుళ్లు. చాలా మొక్కలు చచ్చేది ఇక్కడే, దాహమనుకుని ఇంకో చెంబు పోసేస్తారు. వెంటనే కుండీ నుంచి తీసి, నల్లబడ్డ వేళ్లు కోసేసి, పొడి మిశ్రమంలోకి మార్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి ఒకసారి మొదట్లో పోయాలి. మొదలు మెత్తబడిపోయి ఉంటే ఆ శ్రమ దండగ, బాగున్న కొమ్మ చివర్లు కోసి నాటుకోవడమే మంచిది. వానలు తగ్గాక ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 2 గ్రాముల చొప్పున పొద్దున్నే పిచికారీ చేయాలి. దానికి ముందూ వెనకా రెండు వారాలు వేపనూనె కొట్టకూడదు, కొడితే ఆకు మాడుతుంది. రేకు కింద గాలి ఆడకపోతే తెల్లదోమ, వేసవిలో ఎర్రనల్లి వస్తాయి. ఆకు అడుగు భాగాన్ని నీళ్లతో గట్టిగా కడిగితే సగం పోతాయి. మడిలో నత్తల్ని రాత్రి టార్చి పట్టుకుని ఏరడం కంటే తేలికైన మార్గం లేదు.

విత్తనాలను అక్టోబరులో ట్రేలో పైపైన చల్లి, కనిపించీ కనిపించనంతగా ఇసుక కప్పాలి. 20 డిగ్రీల పైచిలుకు వేడిలో వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. కొమ్మ ముక్కలకు పూత లేని చిగురు 8–10 సెంటీమీటర్లు కోసి, కింది ఆకులు తీసి, ఇసుకలో గుచ్చితే మూడు వారాల్లో వేరు పడుతుంది. మూడేళ్లకోసారి, వానలు వెళ్లాక, గుబురును తవ్వి విడదీయాలి.

బరంపురం, పర్లాకిమిడి వాళ్లు ఇదే రంగు కోరుకుంటే ఫారినేసియా ‘విక్టోరియా’ రకానికి వెళ్లడం తెలివైన పని. టెక్సాస్, మెక్సికో వైపు మొక్క కాబట్టి వేడికి జడవదు. అడుగున్నర ఎత్తు ఉంటుంది, అక్టోబరులో నారు పోసి నవంబరులో అడుగు ఎడంతో నాటితే సంక్రాంతికల్లా పూతకొస్తుంది. మార్చిలో సగానికి కోసి మధ్యాహ్నపు నీడ చూపిస్తే మే దాకా పూస్తూనే ఉంటుంది. వాన తడి మాత్రం దానికీ పడదు, ఆ నాలుగు నెలలూ దాన్నీ రేకు కిందే ఉంచాలి.