లివర్‌పూల్ రోడ్ స్టేషన్, మాంచెస్టర్: గూడ్స్ గిడ్డంగి కోసమే వెళ్లండి

మాంచెస్టర్‌లోని లివర్‌పూల్ రోడ్ స్టేషన్‌ను ఇప్పుడు సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో భాగంగా చూడవచ్చు. ఇక్కడికి వచ్చేవారిలో చాలామందిని ఆకర్షించేది 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య మొదలైన ప్రయాణికుల రైళ్ల చరిత్ర. నా దృష్టిలో మాత్రం ఇక్కడ తప్పక చూడవలసినది పట్టాలకు అవతలి వైపున్న సరుకుల గిడ్డంగి. ప్రయాణికుల రైళ్లు 1844లోనే ఇదే నగరంలోని విక్టోరియా స్టేషన్‌కు తరలిపోయాయి. సరుకుల రవాణా 1975 వరకు ఇక్కడే సాగింది.

స్టేషన్ ఉన్న కాజిల్‌ఫీల్డ్ ప్రాంతం ఇర్వెల్ నది ఒడ్డున ఉంది. రైలు రాకముందు లివర్‌పూల్ రేవు నుంచి పత్తి ఈ నది మీదుగా, బ్రిడ్జ్‌వాటర్ కాలువ మీదుగా పడవల్లో వచ్చేది. పడవల కంపెనీలు వసూలు చేసే కిరాయి, సరుకు చేరడంలో జరిగే జాప్యం భరించలేక వ్యాపారులు రైలుమార్గానికి పెట్టుబడి పెట్టారు. అందువల్ల ఈ స్టేషన్ రూపకల్పనలో సరుకు ఎంత ముఖ్యమో గిడ్డంగిని చూస్తేనే బోధపడుతుంది.

కాలువ గిడ్డంగుల పద్ధతినే ఇక్కడ పట్టాలకు అన్వయించారు. బయట ఇటుక గోడలు, లోపల బరువు మోసే దట్టమైన కలప స్తంభాలు, దూలాలు కనిపిస్తాయి. నది మీది వంతెన దాటి వచ్చే పట్టాలు ఎత్తులో ఉండడం వల్ల వ్యాగన్లు పై అంతస్తు మట్టానికి చేరుకునేవి, గుర్రపు బండ్లు అవతలి వైపు నేల మట్టంలో నిలిచేవి. ఒక్కొక్క వ్యాగన్‌ను తిరిగే పళ్లెం లాంటి వేదిక మీద అడ్డంగా తిప్పి, గోడలోని ద్వారం గుండా లోపలికి నెట్టి, అందులోని పత్తి బేళ్లను కప్పీలతో పై అంతస్తులకు చేర్చి, కొనుగోలుదారు బండి వచ్చినప్పుడు అవతలి వైపున కిందికి దించేవారు. ఇంత పనిని ఒకే కట్టడంలో ఇమిడ్చిన తీరు చూసి నాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆ బేళ్లలో అత్యధికం అమెరికాలో బానిసల చేత పండించిన పత్తి అని మరచిపోకూడదు. ఈ ప్రాంతపు మిల్లుల్లో తయారైన బట్ట సముద్రం దాటి మన తీరానికి సీమ గుడ్డగా వచ్చి, మన నేతగాళ్ల బతుకులను దెబ్బతీసింది. తెలుగువారు ఈ గిడ్డంగి ముందు కొంతసేపు ఆగి చూడాలని నేను కోరడానికి అది కూడా ఒక కారణం.

ఒక్క లోటు నన్ను బాధించింది. 2017లో ప్రారంభమైన ఆర్డ్‌సాల్ కార్డ్ అనే కొత్త మార్గం నగర రైళ్లకు అవసరమే కావచ్చు, కానీ దానికోసం ఈ చారిత్రక స్టేషన్‌కు ప్రధాన రైలుమార్గంతో ఉన్న సంబంధాన్ని తెంచివేశారు. అందుకే అయిదుకు నాలుగు మార్కులే ఇస్తున్నాను.

ప్రవేశం ఉచితం. మరమ్మతుల కారణంగా కొన్ని భవనాలు మూసి ఉండవచ్చు కనుక ముందుగా విచారించుకుని వెళ్లడం మంచిది. గిడ్డంగి లోపలికి అనుమతి లేని రోజైనా వాటర్ స్ట్రీట్ మీదుగా నది వైపు నడిస్తే, ఈ రైలుమార్గాన్ని నిర్మించిన ఇంజనీరు జార్జ్ స్టీఫెన్‌సన్ కాలం నాటి రాతి వంతెనను చూడవచ్చు.