జేఎస్‌సైక్: నోట్‌ప్యాడ్‌ని పట్టిస్తుంది, కాగితాన్ని కాదు

బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తూ రెండేళ్లుగా జ్ఞాపకశక్తి పరీక్షలు జేఎస్‌సైక్ (jsPsych) తోనే ఆన్‌లైన్‌లో పెడుతున్నాను. మనస్తత్వ ప్రయోగాలను జావాస్క్రిప్ట్ కోడ్‌తో తయారు చేసుకునే సాధనం ఇది. ఉచితమనీ, బ్రౌజర్‌లో నడుస్తుందనీ ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిందే. నాకు మాత్రం నచ్చింది ఒక్కటి: పరీక్ష చేసేవాళ్లు మధ్యలో వేరే విండోకి వెళ్తే ‘బ్లర్’ అనీ, తిరిగొస్తే ‘ఫోకస్’ అనీ టైముతో సహా రాసిపెట్టుకుంటుంది. దానికి మనం విడిగా కోడ్ రాయక్కర్లేదు, ఆఖర్న ఆ చిట్టా తీసుకోవడమే.

మారతహళ్లి పీజీల్లో ఉండే తెలుగువాళ్లతో చేసిన స్టడీలో దీని విలువ తెలిసింది. తెర మీద ఒక్కో మాటా వచ్చి పోతుంది, జాబితా అయ్యాక గుర్తున్నవి టైప్ చేయాలి. ఒకాయన ప్రతి జాబితాలోనూ ఒక్క మాట పోకుండా, అదీ వచ్చిన వరుసలోనే కొట్టేశారు. ఏకసంథాగ్రాహి దొరికాడని ల్యాబ్‌లో ఒకటే సంబరం. చిట్టా తెరిస్తే ప్రతి మాటకీ ఒక బ్లర్, ఆ వెంటనే ఒక ఫోకస్. పక్కన నోట్‌ప్యాడ్ విండో! ‘ఎక్కడైనా రాసుకున్నారా? రాసుకున్నా డబ్బులు ఇస్తాం’ అని చివర్లో అడిగే చోట ఆయనే చెప్పేశారు: “అవునండీ, మీ స్టడీకి మంచి మార్కులు రావాలని.” ఏమంటాం ఇక?

ఈ చిట్టా ఉంటే పక్కన కాపలా అక్కర్లేదని జూనియర్లకు అప్పట్లో తెగ చెప్పేదాన్ని. ఇప్పుడంత గట్టిగా అనను. నోట్‌ప్యాడ్ బదులు కాగితం, పెన్ను తీస్తే దానికేం తెలుస్తుంది? టీవీ చూస్తూ చేసినా అంతే. పైగా బ్లర్ పడ్డవాళ్లంతా కాపీ కొట్టినట్టు కాదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీటింగ్ విండోకి వెళ్లొచ్చినా అదే పడుతుంది. అందుకే ఆ చివరి ప్రశ్నకు జవాబు కూడా చూశాకే ఎవరి డేటానైనా పక్కన పెడతాను. విండో మార్పులు నమోదవుతాయని కన్సెంట్ ఫామ్‌లో ముందే రాస్తాను.

జవాబులు దాచే సర్వర్ ఏర్పాటు మాత్రం మనదే. ప్రతి జవాబూ అప్పటికప్పుడు పంపేలా పెట్టుకోకపోతే, మధ్యలో ట్యాబ్ మూసేసినవాళ్ల డేటా పోయినట్టే.

నాకు జావాస్క్రిప్ట్ కొంచెం వచ్చు, నా స్టడీలన్నీ ల్యాప్‌టాప్ వాడే కుర్రకారుతోనే, కాబట్టి సరిపోయింది. ఫోన్ తప్ప ఇంకేం లేని పెద్దవాళ్లతో పనైతే వాళ్లింటికే వెళ్లి, పక్కన కూర్చుని చేయిస్తాను, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వెళ్లాల్సొచ్చినా సరే.