నా పేచీ అంతా ఆ వెనక తెరతోనే

మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని డిజిటల్ కెమెరా), దానికి ముఖాలకి అనువైన 85 ఎంఎం లెన్సు. ఏళ్ల తరబడి మనుషుల ఫొటోలు వీటితోనే తీస్తున్నాను. మెగాపిక్సెళ్లు, స్పీడు లెక్కలు అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. డిజిటల్ వచ్చాక పోర్ట్రెయిట్‌కి కూర్చోవడంలో పస పోయిందని పాత ఫొటోగ్రాఫర్లు అంటుంటారు. పస పోయిన మాట నిజమే. అందుకు నేను తప్పుపట్టేది మాత్రం కెమెరా వెనక, తీసిన ఫొటో కనిపించే తెరని.

1995లో వెనక తెర ఉన్న క్యాసియో క్యూవీ-10 డిజిటల్ కెమెరా వచ్చాక తీసిన ఫొటోని అక్కడికక్కడే చూసుకోవడం మెల్లగా అలవాటైపోయింది. మా బంధువుల్లో ఒక పెద్దావిడ మాటల్లో పడి హాయిగా నవ్వుతుంటే తీశాను. "ఏదీ, చూపించు" అన్నారు. చూపించాను. "మెడ దగ్గర ముడతలు చూడు ఎలా ఉన్నాయో!" అన్నారు. అంతే, గడ్డం పైకి లేచింది, పెదాలు బిగిశాయి, చెయ్యి మాటిమాటికీ మెడ మీదికే పోయింది. ఆ తర్వాత తీసినవన్నీ ఆ మొదటి ఫొటోకి దిద్దుబాట్లే.

ఫిల్ము రోజుల్లోనూ స్టూడియోల్లో కెమెరా వెనక పోలరాయిడ్ బ్యాక్ (అక్కడికక్కడే ఫొటో చేతికిచ్చే భాగం) తగిలించి వెలుతురు సరిచూసుకునేవారు. కానీ దాన్ని తీసి ఫిల్ము బ్యాక్ పెట్టాక ఇక ఎవరికీ ఏమీ కనిపించదు. 120 అనే రకం ఫిల్ము రోల్లో 6×6 సెంటీమీటర్ల సైజు ఫొటోలు 12 వచ్చేవి. రోలు మార్చే ఆ కాస్త సేపట్లోనే మంచి మాటలు దొర్లేవి.

ఓసారి స్నేహితుడి నాన్నగారి ఫొటోలు తీస్తుండగా తెర నల్లబడిపోయింది. తెరకీ బాడీకీ మధ్య మడత దగ్గరుండే ఫ్లెక్స్ కేబుల్ (వంగే పల్చటి తీగల పట్టీ) పోయింది. తెరిచి మూసి, తెరిచి మూసి అక్కడ అరిగిపోవడం ఇలాంటి తెరలకున్న జబ్బే. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పనిచేస్తోంది కాబట్టి ఆపలేదు. "చూపించడానికి లేదండీ, తెర పోయింది" అన్నాను. "పోనీలే, నువ్వు కానివ్వు" అని వెనక్కి వాలారు. గుర్తింపు కార్డు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకున్న భుజాలు కాసేపటికి దిగాయి. వాళ్ల నాన్న సంగతులు ఎత్తుకున్నారు. మాట మధ్యలో ఆగి, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకోవడం మరిచి చేతిలోనే పట్టుకుని నావైపు చూశారు. వాళ్లింట్లో ఇప్పుడు గోడ మీదున్నది ఆ ఫొటోనే.

తెర బాగుచేయించాను. కానీ పోర్ట్రెయిట్ తీసేటప్పుడు దాన్ని లోపలికి తిప్పి మూసేస్తున్నాను. తీసిన వెంటనే ఫొటోని దానంతటదే చూపించే ఆటో రివ్యూ కూడా ఆపేయాలి, లేకపోతే తీసిన ఫొటో వ్యూఫైండర్లోకి వచ్చి నా కళ్లకే అడ్డుపడుతుంది.

కొన్న కొత్తలో సైలెంట్ షటర్‌ని తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు మనుషుల దగ్గర వాడటం లేదు. టక్కుమని వినబడితే అయిపోయిందనుకుని ఊపిరి వదులుతారు, ఆ వెంటనే వచ్చే ముఖమే నాకు కావాలి. చప్పుడు లేకపోతే బిగబట్టుకునే కూర్చుంటారు. కంటిని పట్టే ఆటోఫోకస్ అంటే ఇప్పటికీ ఇష్టమే, కాకపోతే లెన్సు బాగా తెరిచి ఎఫ్1.8లో తీస్తే ఒక్కోసారి కళ్లజోడు ఫ్రేము మీదే ఆగిపోతుంది. లెన్సు కాస్త మూసి ఎఫ్2.8 పెట్టుకుంటే నయం.

నేను తీసేది తెలిసినవాళ్లని, తొందర లేకుండా. డబ్బు తీసుకుని తీసేవాళ్లకి తెర మూసే వీలు అంతగా ఉండదు. వెలుతురు తేడా కొడితే ఆ మనిషిని మళ్లీ కూర్చోబెట్టలేరు. చూపించమని అడిగే హక్కు కూడా ఎదుటివాళ్లకి ఉంటుంది. చిన్నపిల్లలైతే చూపిస్తేనే కుదురుగా నిలబడతారు. నాలా తీసేవాళ్లు మాత్రం పక్కకి తెరుచుకుని పూర్తిగా లోపలికి మడతపడే తెర ఉన్నది చూసుకోండి. పైకీ కిందికీ మాత్రమే వంగేదైతే, తెరని ఆపేసే సెట్టింగ్ మెనూలో ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.