జింకకూ కొయోటీకీ ఒకే బుల్లెట్: నాస్లర్ 95 గ్రెయిన్ల బాలిస్టిక్ టిప్

టెక్సస్ హిల్ కంట్రీలో నవంబరులో జింకల వేటకు వెళ్లినవారికి అదే పొలంలో కొయోటీలూ (తోడేలును పోలిన చిన్న అడవి జంతువులు) తారసపడుతుంటాయి కనుక, రెండింటికీ పనికొచ్చే బుల్లెట్ ఒకటుంటే బాగుండునని చాలామంది కోరుకుంటారు. తెల్లతోక జింకలకు నిర్ణీత సీజను ఉంది. కొయోటీలను మాత్రం ఆ రాష్ట్రంలో లైసెన్సుతో ఏడాది పొడవునా వేటాడవచ్చు. నా .243 విన్‌చెస్టర్ రైఫిల్‌లో కొన్ని సీజన్లుగా వాడుతున్న నాస్లర్ కంపెనీవారి 95 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువును కొలిచే చిన్న ప్రమాణం) బాలిస్టిక్ టిప్ బుల్లెట్ ఆ కోరికను ఎంతవరకు తీరుస్తుందో వివరిస్తాను.

.308 తూటా కేసు (మందు నింపే ఇత్తడి గొట్టం) మెడను సన్నబరచి 1955లో మార్కెట్లోకి తెచ్చిన .243 కాట్రిడ్జ్ (తూటా) భుజాన్ని గట్టిగా తన్నదు, తేలికపాటి బుల్లెట్ల నుంచి 100 గ్రెయిన్ల దాకా అన్నింటినీ పేలుస్తుంది. చిక్కంతా బుల్లెట్ దగ్గరే ఉంది, ఎందుకంటే ఈ రెండు జంతువులు బుల్లెట్ నుంచి పూర్తిగా వేర్వేరు పనులు ఆశిస్తాయి. కొయోటీ ఒళ్లు పలుచన. బుల్లెట్ తగలగానే విచ్చుకుని లోపలే ఆగిపోతే చర్మం పాడవదు. జింక విషయంలో అది పక్కటెముకలను దాటి, రెండు ఊపిరితిత్తులనూ చీల్చి, అవతలి వైపు నుంచి బయటపడాలి. అప్పుడే జంతువు త్వరగా పడిపోతుంది, ఒకవేళ పరుగెత్తినా నెత్తుటి జాడ దొరుకుతుంది.

అందుకే హార్నడీ వి-మ్యాక్స్ 58 గ్రెయిన్ల వంటి పలుచని బుల్లెట్లను, కొయోటీలకు ఎంత బాగా పనిచేసినా, జింక మీద వాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. అవి భుజపుటెముకకు తగిలి పైపైనే ముక్కలైతే జింక గాయంతో పారిపోయి ఎక్కడో బాధపడుతూ చనిపోతుంది. మరోవైపు, జాన్ నాస్లర్ 1940లలో రూపొందించిన పార్టిషన్ అనే బుల్లెట్‌లో సీసాన్ని రెండు గదులుగా విడదీసే అడ్డుగోడ ఉంటుంది; ముందు భాగం విచ్చుకున్నా వెనుక భాగం చెక్కుచెదరకుండా దూసుకుపోతుంది. జింకకు దానిని మించినది అడగనక్కరలేదు గాని, కొయోటీకి అంత ఖరీదైన బలం అవసరం లేదు.

బాలిస్టిక్ టిప్ ఈ రెండింటికీ మధ్యన నిలుస్తుంది. ఊదారంగు ప్లాస్టిక్ మొన తగిలిన క్షణంలోనే వెనక్కి జరిగి సీసాన్ని విచ్చుకునేలా చేస్తుంది. రాగి తొడుగు మొన దగ్గర పలుచగా, అడుగున మందంగా ఉండటం వల్ల మిగిలిన భాగం లోతుకు వెళుతుంది. భుజం వెనుక కొట్టిన ఒక జింకను కోసి చూసినప్పుడు, లోపలికి వెళ్లిన రంధ్రం చిటికెన వేలు కొనంత, బయటికి వచ్చినది పావు డాలరు బిళ్లంత ఉంది. ఊపిరితిత్తులు రెండూ నుజ్జయ్యాయి, భుజం మాంసం దాదాపు అంతా దక్కింది. ఇదే బుల్లెట్‌తో కొట్టిన కొయోటీ అక్కడికక్కడే కూలింది గాని, అవతలి వైపు బొచ్చు చిరిగి కుట్టడానికి కూడా వీలులేకుండా పోయింది. మేకల మందను కాపాడుకునే రైతుకు అది పెద్ద లోటు కాదు. చర్మాలు అమ్ముకునేవారు మాత్రం దీనిని కొనవద్దు. జింక భుజపుటెముకకు సూటిగా, అందులోనూ దగ్గర నుంచి కొట్టే అలవాటున్నవారికి పార్టిషనే క్షేమం.

సీసం ఒంటికి విషం, ఇదేమో సీసపు బుల్లెట్ కాబట్టి గాయం చుట్టూ మాంసాన్ని ధారాళంగా కోసి పారేయాలి. ఇంట్లో పిల్లలు తినేదైతే ఇంకా ఉదారంగా కోయాలి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటకు సీసపు బుల్లెట్లు నిషిద్ధం. అక్కడివారు బార్న్స్ 80 గ్రెయిన్ల టిటిఎస్ఎక్స్ వంటి పూర్తి రాగి బుల్లెట్‌ను చూడాలి. హెచ్-1బి వీసాపై ఉన్న మనవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి: వలసేతర వీసాదారులు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. కొనేముందు న్యాయవాదిని అడగడం మేలు.

ఒక్కో తుపాకీ గొట్టానికి ఒక్కో బుల్లెట్ నచ్చుతుంది కనుక ముందు ఒక పెట్టె మాత్రమే కొని, 100 గజాల దగ్గర బుల్లెట్ గురిపెట్టిన చోటుకు అంగుళంన్నర పైన తగిలేలా సరిచేసుకుంటే 200 గజాల వరకు లెక్కలు వేసుకోనక్కరలేదు. అంతకు మించిన దూరంలో జింక మీద నేను ఈ బుల్లెట్‌ను పేల్చను.