రావెన్నాలో ఒక రోజు: మెడ నొప్పి ఖాయం, అయినా వెళ్ళండి

ఇటలీ వెళ్ళే మనవాళ్ళ ప్రయాణాలన్నీ ఇంచుమించు ఒకే వరుసలో సాగుతాయి. రోమ్, ఫ్లోరెన్స్, పీసా గోపురం దగ్గర చెయ్యి చాచి ఒక ఫోటో, వెనిస్, అక్కడి నుంచి స్విట్జర్లాండ్. ఆ వరుసలో ఫ్లోరెన్స్‌కూ వెనిస్‌కూ మధ్య ఒక్క రోజు ఖాళీ చేసుకోగలిగితే దాన్ని రావెన్నాకు ఇవ్వండి. ఫ్లోరెన్స్ ఉఫీజీ మ్యూజియంలో బొత్తిచెల్లి చిత్రాలను మేము పైకెత్తిన ఫోన్ల సందుల్లోంచి చూశాం. అక్కడి చిత్రాల్లో చాలా వరకు ఒకప్పుడు ఏ చర్చికో ఏ ప్రభువు ఇంటికో చేసినవి, తర్వాత తెచ్చి పెట్టినవి. రావెన్నాలో అలా కాదు. పదిహేను వందల ఏళ్ళ నాడు ఏ గోడకు రంగు రాళ్ళు, గాజు ముక్కలు అతికి మొజాయిక్ బొమ్మలు చేశారో ఆ గోడకే ఇంకా ఉన్నాయి, మనం వాటి కిందకే వెళ్ళి నిలబడతాం.

ఈ చిన్న ఊరికి అంత సంపద ఎలా వచ్చిందంటే, చుట్టూ ఉన్న బురద నేలల వల్ల. గోత్ అనే తెగల దాడులకు భయపడిన హొనోరియస్ చక్రవర్తి 402లో పశ్చిమ రోమన్ సామ్రాజ్య రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఆ చిత్తడిని దాటుకుని శత్రువు రావడం కష్టమని ఆయన లెక్క. తర్వాత గోత్ రాజు థియోడరిక్, ఆ తర్వాత కాన్‌స్టాంటినోపుల్ నుంచి తూర్పు రోమన్, అంటే బైజాంటైన్ పాలకులు వచ్చారు. ఎవరి కాలంలో వాళ్ళు కట్టారు. అందులో ఎనిమిది కట్టడాలు 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి.

మేము బస బొలోన్యాలో పెట్టుకున్నాం. రైళ్ళకు అది కూడలి, పైగా ఎండైనా వానైనా తలదాచుకునే వసారాలు వీధి వీధికీ ఉన్నాయి. ఆ వసారాలన్నీ కలిపితే 62 కిలోమీటర్లట. మా గది శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సంగతి గది వివరాల్లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పెద్ద సూట్‌కేసు మోసిన మా ఆయన ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. గది అద్దెకు తోడు మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని నగర పన్ను విడిగా కట్టాలి. ఇది ఇటలీలో చాలా ఊళ్ళలో ఉన్నదే కాబట్టి కొంత నగదు చేతిలో ఉంచుకోండి. ఉదయం ఫలహారం అంటే కొర్నెత్తో అనే తియ్యటి రొట్టె, కప్పుచ్చీనో. అంతకు మించి ఆశించవద్దు.

బొలోన్యా నుంచి రావెన్నాకు ప్రాంతీయ రైలులో గంటకు కాస్త పైన పడుతుంది. సీటు రిజర్వేషను అక్కర్లేదు, ముందు కొన్నా ఆ రోజు కొన్నా టికెట్టు ధర ఒకటే. కాగితపు టికెట్టు కొంటే మాత్రం ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే డబ్బు కట్టి కొన్న టికెట్టుకు కూడా జరిమానా పడుతుంది. మా పెట్టెలో ఒక కుర్రవాడికి ఆ ముచ్చట జరగడం కళ్ళారా చూశాం.

రావెన్నా స్టేషను నుంచి ఊరి నడిబొడ్డుకు నడకే. నేల చదునుగా ఉంటుంది, సైకిళ్ళు ఎక్కువ, కార్లు తక్కువ. ముఖ్యమైన ఐదు చోట్లకు కలిపి ఒకే టికెట్టు ఉంది. ఒక్కో చోటికి ఒక్కసారి వెళ్ళవచ్చు. అందులో హొనోరియస్ సవతి చెల్లెలు గాల్లా ప్లాచీదియా పేరున్న సమాధి మందిరానికీ, నెయోనియన్ బాప్తిస్మ మందిరానికీ ముందే వేళ ఎంచుకోవాలి. ఆ వేళ ప్రకారమే మిగతా రోజంతా సర్దుకోండి.

మేము గాల్లా ప్లాచీదియాతోనే మొదలుపెట్టాం. బయటి నుంచి చూస్తే పాతకాలపు పంపుహౌసులా ఉంటుంది. ఎర్ర ఇటుక, చిన్న తలుపు, ఎక్కడా ఒక నగిషీ లేదు. లోపలికి అడుగు పెట్టగానే మొదట ఏమీ కనబడదు. కిటికీలకు అద్దాలకు బదులు పలచటి పాలరాతి పలకలు ఉన్నాయి, వాటిలోంచి తేనె రంగు వెలుతురు మాత్రం వస్తుంది. కళ్ళు అలవాటు పడే కొద్దీ ఒక ముదురు నీలం పైకప్పు నిండా బంగారు చుక్కలు, మధ్యలో శిలువ తేలి వస్తాయి. తలుపు పైన గొర్రెల మధ్య కూర్చున్న యువకుడైన క్రీస్తు, ఎదురు గోడకు మంటల మీది ఇనుప చట్రం పక్కన పరుగు మీదున్న పునీతుడు లారెన్స్, పక్క గోడల మీద నీళ్ళకు వచ్చిన లేళ్ళు, గిన్నె అంచున వాలిన పావురాలు. మందిరానికి ఆమె పేరున్నా గాల్లా ప్లాచీదియా 450లో రోమ్‌లో చనిపోయింది, ఇక్కడ ఆమెను ఖననం చేసి ఉండరనే చరిత్రకారులు ఎక్కువ మంది అంటారు. కాలక్రమంలో నేల కుంగడం వల్ల గచ్చును మీటరుకు పైగా ఎత్తారు. అందుకే పైకప్పు మన నెత్తికి అంత దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటుంది. లోపల ఉండనిచ్చేది ఐదు నిమిషాలే. జనం ఊపిరి తేమ రాళ్ళకు మంచిది కాదు కాబట్టి ఆ నియమం సబబే. కానీ మొదటి రెండు నిమిషాలు కళ్ళకు చీకటితోనే సరిపోతుంది. ఫోను సంచిలోంచి తీయకండి. ఎంత మంచి ఫోనైనా ఆ నీలాన్ని పట్టలేదు.

పక్కనే సాన్ వితాలే. 547లో ప్రతిష్ఠ జరిగిన ఎనిమిది పలకల చర్చి. ఖర్చు పెట్టినది జూలియానుస్ అర్జెంటేరియస్ అనే ధనవంతుడు. గుమ్మటం కింది బొమ్మలు 18వ శతాబ్దంలో వేసినవి, గులాబీ మబ్బులు, రెక్కల పిల్లలు. వాటికి దండం పెట్టి నేరుగా బలిపీఠం వైపు నడవండి. ఎడమ గోడ మీద బైజాంటైన్ చక్రవర్తి జస్టీనియన్ బంగారు పళ్ళెంతో, కుడి గోడ మీద థియోడోరా మహారాణి పాత్రతో నిలబడి ఉంటారు. జస్టీనియన్ వెనుక గోడ లేదు, ఆకాశం లేదు, అంతా బంగారమే.

మా ఆయన క్రికెట్ మ్యాచ్‌లకు తీసుకెళ్ళే బైనాక్యులర్లు ఆ రోజు మాకు ఏ ఆడియో గైడు కన్నా ఎక్కువ పనికొచ్చాయి. ‘‘ఏమండీ, ఆమె చీర అంచు చూశారా?’’ అన్నాను. చీర కాదని నాకూ తెలుసు. ఆ ఊదా రంగు వస్త్రం అంచున బాలయేసుకు కానుకలు మోసుకెళ్ళే ముగ్గురు జ్ఞానులను బంగారంతో చిత్రించారు. రాణి చేతిలోని కానుకకు అది జవాబు అన్నమాట. ‘‘ముందు నువ్వు రాజు పక్కన ఆ గడ్డం ఆయన్ని చూడు, సేనాపతి బెలిసారియస్ అంటారు. 540లో ఈ ఊరు పట్టుకున్నది ఆయనే’’ అని ఆయన తన చరిత్రలో తానున్నారు. జస్టీనియన్‌కు పక్కనున్న బిషప్ తల మీద మాత్రం పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది, మాక్సిమియానుస్ అని. రాజుకు పేరు అక్కర్లేదు, కొత్తగా పదవిలోకి వచ్చిన బిషప్‌కు కావాలి! ఫ్లెక్సీలు మనమే కనిపెట్టామనుకున్నాను.

ఒకచోటే నిలబడి చూడకండి. రెండడుగులు పక్కకు జరిగితే బంగారం మెరుపు కూడా జరుగుతుంది. ఆ గాజు ముక్కలను గోడకు సమంగా పొదగలేదు, తలా ఒక కోణంలో కొద్దిగా వంచి పెట్టారు. ఎందుకో దగ్గరలోని ఒక మొజాయిక్ పనిమందిరంలో అర్థమైంది. అక్కడి అమ్మాయి చెక్క మొద్దులో దిగేసిన ఉలి అంచు మీద గాజు పలకను ఆనించి, రెండు వైపులా పదునున్న చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేది. గాజు చిటుక్కున విరిగేది. విరిగిన ముఖమే పైకి వచ్చేలా అతుకుతుంది, నున్నటి ముఖం కన్నా విరిగిన ముఖానికి కాంతి ఎక్కువ. బంగారు ముక్కలో మాత్రం గాజు మీద బంగారు రేకు, దాని మీద మళ్ళీ సన్నటి గాజు పొర. అందుకే ఇన్ని శతాబ్దాలకూ వన్నె తగ్గలేదు. అరచేయంత పావురాల బొమ్మ ధర అడిగి, నమస్కారం పెట్టి వచ్చేశాం.

మధ్యాహ్నం పియదీనా తిన్నాం. ఈ ప్రాంతపు పలచటి రొట్టె, మడతలో స్క్వాక్వెరోనే అనే మెత్తటి జున్ను, రూకొలా ఆకు. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పిండిలో సంప్రదాయంగా పంది కొవ్వు కలుపుతారు, దాన్ని స్ట్రుత్తో అంటారు. నేను ఆ మాట అని చెయ్యి అడ్డంగా ఊపితే కొట్టులోని పెద్దావిడ నవ్వి ఆలివ్ నూనె సీసా ఎత్తి చూపించింది. నూనెతో చేసినది వేరుగా ఉంటుంది, అడగాలి అంతే. వేడి మీద బాగుంది, చల్లారితే సాగుతుంది. బల్ల దగ్గర కూర్చుని తినే హోటళ్ళలో మనిషికి ఇంతని కొపెర్తో రుసుము బిల్లులో కలుస్తుంది. కొట్టులో నిలబడి తింటే ఆ బాధ లేదు.

తర్వాత సాంత్ అపొల్లినారే నువోవో చర్చి. గోడల వెంట ఒక వైపు ఇరవై రెండు మంది కన్యలు, ఎదురుగా ఇరవై ఆరు మంది అమరులు ఊరేగింపుగా నడుస్తుంటారు. నన్ను పట్టుకున్నది ఆ వరుస మొదట్లోని రాజభవనం. థియోడరిక్ తన కొలువును అక్కడ చిత్రింపజేసుకున్నాడు. బైజాంటైన్ వాళ్ళు వచ్చాక ఆ మనుషులను తీసేసి స్తంభాల మధ్య తెరలు అతికించారు. కానీ స్తంభాల మీదికి వచ్చిన చేతులను అలాగే వదిలేశారు. బైనాక్యులర్లలో చూస్తే తెల్లటి స్తంభం మీద ఒక అరచెయ్యి, మరో చోట ముంజేయి, మనిషి మాత్రం లేడు. పనివాడికి బద్ధకమా, స్తంభం పాడవుతుందని భయమా అని మేమిద్దరం గుమ్మం దాకా వాదించుకున్నాం.

ఇటలీ మహాకవి డాంటే సమాధి చిన్నది, ఉచితం, పది నిమిషాలు చాలు. ఫ్లోరెన్స్ వెళ్ళగొడితే చివరికి ఈ ఊరు ఆశ్రయమిచ్చింది, 1321లో ఇక్కడే పోయాడు. తర్వాత ఫ్లోరెన్స్ ఎన్నిసార్లు అడిగినా రావెన్నా అస్థికలు ఇవ్వలేదు. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వాటిని గోడలో దాచేశారు, 1865లో గానీ మళ్ళీ బయటపడలేదు. సమాధిలోని దీపానికి నూనె ఇప్పటికీ ఏటా ఫ్లోరెన్స్ పంపుతుంది. ఆ పక్కనే సాన్ ఫ్రాంచెస్కో చర్చిలో కిందికి వంగి కిటికీలోంచి చూడండి. భూగర్భ గదిలో ఊట నీరు నిండి, పాత మొజాయిక్ గచ్చు మీద చేపలు ఈదుతుంటాయి. నాణెం వేస్తే దీపం వెలుగుతుంది. ఇటలీలో మేము ఖర్చు పెట్టిన నాణేల్లో అంత గిట్టుబాటైనది మరొకటి లేదు.

థియోడరిక్ సమాధి దగ్గర మా అభిప్రాయాలు చీలాయి. ఊరి నడిమి నుంచి కొంచెం దూరం, మొజాయిక్ లేదు, విడి టికెట్టు. సుమారు పది మీటర్ల వ్యాసమున్న ఏకశిల కప్పును అడ్రియాటిక్ సముద్రం అవతలి ఇస్త్రియా నుంచి తెచ్చి ఎలా ఎత్తి పెట్టారన్నదే అక్కడి విశేషం. మా ఆయన ఇంజనీరు, అరగంట దాని చుట్టూ తిరిగారు. నేను నీడ చూసుకుని కూర్చున్నాను. ఆ సమయం క్లాసేలోని మరో సాంత్ అపొల్లినారే చర్చికి పెట్టి ఉంటే నాకు ఇంకా బాగుండేది. రైలులో ఒక్క స్టేషను దూరం, 549 నాటిది. అర్ధగుమ్మటమంతా పచ్చిక, తెల్ల గొర్రెలు, నీలి వలయంలో శిలువ చుట్టూ 99 చుక్కలు. చివరకు పరుగున వెళ్ళి, మూసే వేళకు ముందు దాన్ని చూసి వచ్చాం. జనం దాదాపు లేరు.

బొలోన్యా బస వల్ల డబ్బు కలిసి వచ్చింది, సాయంత్రం రైలు కోసం గడియారం చూసుకోవడం కలిసి రాలేదు. కళ అంటే ఇష్టమున్నవాళ్ళు రావెన్నాలోనే ఒక రాత్రి ఉండటం మేలు. అప్పుడు నెయోనియన్ మందిరం మొదటి రోజు, క్లాసే రెండో రోజు ఉదయం పెట్టుకోవచ్చు. థియోడరిక్ రాయి దగ్గరికి ఇంజనీర్లను ఒంటరిగా పంపవచ్చు.